గోదావరి మీద రైలు వంతెనలు మూడు, లైన్లు రెండే: ఎందుకిలా?

క్లుప్తంగా: రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య గోదావరి మీద మూడు రైలు వంతెనలు కనిపిస్తాయి. రైళ్లు నడిచేది రెండింటి మీదే. 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెనను 1997లో రైళ్ల రాకపోకల నుంచి తప్పించారు. 1974 నాటి రోడ్ కమ్ రైలు బ్రిడ్జి, 1997లో పూర్తయిన ఆర్చ్ బ్రిడ్జి ఇప్పుడు హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో చెరో లైను మోస్తున్నాయి. పాత వంతెన పడిపోలేదు, వరదకు కొట్టుకుపోలేదు. దాని మీదికి రావాల్సిన బరువు మారిపోయింది. మూడు వంతెనల కథలోనూ తిరిగి తిరిగి వచ్చే అసలు విషయం అదే.

హేవలాక్ వంతెన మళ్లీ వార్తల్లోకి రావడానికి కారణం అఖండ గోదావరి ప్రాజెక్టు. సుమారు రూ.94 కోట్ల ఈ ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పాత వంతెనను పర్యాటక స్థలంగా మార్చడం అందులో ముఖ్యమైన భాగం. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి. దాంతో పాత ప్రశ్నలన్నీ మళ్లీ లేచాయి. బ్రిటిష్ వాళ్లు కట్టింది ఇంత గట్టిగా ఉంటే రైళ్లు ఎందుకు ఆపారు? రైలుకు పనికిరానిది జనానికి ఎలా పనికొస్తుంది? ఒకే చోట మూడు వంతెనలు ఎందుకు కట్టాల్సి వచ్చింది?

రాజమండ్రి దగ్గరే ఎందుకు దాటాలి?

మూడో ప్రశ్నకు జవాబు మ్యాపులోనే ఉంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి కోనసీమను చుట్టుకుంటూ సముద్రం వైపు పోతుంది. అక్కడ దాటాలంటే ఒకటికి రెండు పెద్ద వంతెనలు కావాలి. జాతీయ రహదారి సరిగ్గా ఆ దారే పట్టింది. అందుకే జొన్నాడ–రావులపాలెం దగ్గర గౌతమిని ఒకసారి, సిద్ధాంతం దగ్గర వసిష్ఠను మరోసారి దాటుతుంది. పైకి వెళ్తే పాపికొండల దగ్గర నది సన్నబడుతుంది కానీ, అటూ ఇటూ కొండలే. తీరం వెంబడి వచ్చే రైలు మార్గాన్ని అంత చుట్టు తిప్పడంలో అర్థం లేదు. గోదావరి మొత్తం ఒకే ప్రవాహంగా ఉండి, రెండు గట్లూ చదునుగా ఉండి, తీరపు మార్గానికి దగ్గరగా ఉన్న చివరి చోటు రాజమండ్రి–కొవ్వూరు. వెడల్పు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే అయినా, ఒక్క వంతెనతో పని అయిపోతుంది.

కొంచెం దిగువనే ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి పూర్తయింది. డెల్టాలో సరుకు రవాణా అంతా అప్పట్లో కాలువల మీద, పడవల్లో సాగేది. రైళ్ల కన్నా కాలువలే దేశానికి మేలని కాటన్ గట్టిగా వాదించేవారు. ఆయన ఆనకట్ట నిలిపిన నీటి మీదుగానే తర్వాత రైలు వంతెన వెళ్లడం చరిత్రలో చిన్న చమత్కారం.

లైను ముందు, వంతెన తర్వాత

1876–78 నాటి మహా కరువు తర్వాత ఏర్పాటైన కరువు కమిషన్ 1880లో రైలు మార్గాలను విస్తరించాలని చెప్పింది. ఒకచోట ధాన్యం ఉండి, ఇంకోచోట జనం ఆకలితో చనిపోవడానికి రవాణా లేకపోవడం ఒక కారణమని అప్పటికి తేలింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఈ నేపథ్యంలో వచ్చింది. కటక్ నుంచి బెజవాడ దాకా 800 కిలోమీటర్లకు పైగా ఉన్న తీరపు మార్గాన్ని 1893–96 మధ్య విడతలు విడతలుగా తెరిచారు.

గోదావరి మీద వంతెన పని మొదలైంది మాత్రం 1897 నవంబరులో. అంటే రైలు ఇటు కొవ్వూరు దాకా, అటు రాజమండ్రి దాకా వచ్చి ఆగిపోయేది. మధ్యలో నదిని పడవ మీద దాటాలి. ఇప్పటివాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది కానీ, అప్పట్లో రైల్వేలు ఇలాగే చేసేవి. నేల మీద పట్టాలు వేయడం త్వరగా అయిపోతుంది, వేసిన వెంటనే ఆదాయం మొదలవుతుంది. పెద్ద నది మీద వంతెనకు ఏళ్లు పడుతుంది. దాని కోసం లైను మొత్తం ఆపుకోవడం దండగ.

పని మొదలయ్యాక మాత్రం వేగంగా సాగింది. మూడేళ్లు తిరగకుండానే, 1900 ఆగస్టులో రైళ్లు వంతెన ఎక్కాయి. పనిని నడిపిన ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్. కాశీలో గంగ మీద 1887లో పూర్తయిన డఫరిన్ వంతెన, ఇప్పటి మాలవీయ వంతెన, కట్టించింది కూడా ఆయనే. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు వంతెనకు పెట్టారు. జనం నోట్లో అది చాలాకాలం గోదావరి బ్రిడ్జి, ఇంకొకటి వచ్చాక పాత బ్రిడ్జి.

వంతెన పూర్తయిన ఏడాదిలోనే ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే రెండు ముక్కలైంది. వాల్తేరు నుంచి బెజవాడ దాకా ఉన్న దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు వెళ్లాయి. 1899లో బెజవాడ–మద్రాసు లైను కూడా కలిసిపోవడంతో, గోదావరి వంతెన స్థానిక అవసరం నుంచి కలకత్తా–మద్రాసు దారిలో తప్పించుకోలేని ఇరుకు చోటుగా మారింది. తర్వాతి వంతెనలన్నిటికీ మూలం ఈ మార్పులోనే ఉంది.

ఇసుకలో పునాది ఎలా నిలుస్తుంది?

గోదావరి అడుగున ఉండేది ఇసుక, ఒండ్రు. వేసవిలో చూస్తే తిన్నెలు తేలి, నది మీద సగం దూరం నడిచి వెళ్లొచ్చనిపిస్తుంది. జూలై, ఆగస్టులో అదే ఇసుక నీటితో పాటు కదిలిపోతుంది. వరద ఉధృతి పెరిగేకొద్దీ నది తన అడుగును తానే తవ్వుకుంటుంది. స్తంభం అడ్డొచ్చిన చోట సుడులు తిరిగి ఇంకా లోతుగా కోస్తుంది. వరద తగ్గాక ఆ గుంట మళ్లీ ఇసుకతో పూడిపోతుంది కాబట్టి, ఎంత లోతు కోసిందో పైనుంచి చూస్తే తెలియదు. ఇంజనీర్లను భయపెట్టేది నీటి ఎత్తు కన్నా ఈ కోతే.

దీనికి మన దేశంలో వాడే పద్ధతి బావి పునాది. స్తంభం రావాల్సిన చోట, కింద పదునైన ఇనుప అంచు ఉన్న చట్రం పెడతారు. దాని మీద గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుకను తోడేస్తూ ఉంటే ఆ గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన ఇంకొంత గోడ కడతారు. ఒకవైపు గట్టి బంకమన్ను, ఇంకోవైపు వదులు ఇసుక తగిలితే బావి ఒరిగిపోతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న వైపు బరువులు పెట్టి, అటువైపు ఎక్కువగా తోడి, నెమ్మదిగా నిలబెట్టాలి. కోత ఎంత లోతుకు పోగలదో లెక్కేసి, దానికన్నా ఇంకా కిందికి దించాక, అడుగు కాంక్రీటుతో మూసేసి పైన స్తంభం లేపుతారు. వరదకాలంలో ఈ పని సాగదు. ఏడాదిలో చేతికొచ్చేది ఎనిమిది నెలలు, అంతే.

అందువల్ల నది వంతెన ఖర్చులో, రిస్కులో పెద్ద వాటా నీళ్ల కిందే ఉంటుంది. పైన కనిపించే ఉక్కు చట్రాలు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. ఒక్కో బావి మాత్రం ఒక్కో కొత్త సమస్యే.

56 నుంచి 28కి

ఈ సంగతి మనసులో పెట్టుకుని మూడు వంతెనల స్పాన్లను, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలను, పక్కపక్కన పెట్టి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

హేవలాక్ వంతెనకు 56 స్పాన్లు, ఒక్కోటి 45.7 మీటర్లు. రోడ్ కమ్ రైలు బ్రిడ్జికి 91.5 మీటర్లవి 27, 45.72 మీటర్లవి 7, మొత్తం 34. ఆర్చ్ బ్రిడ్జికి 28, ఒక్కోటి సుమారు 97.5 మీటర్లు. మీటర్లలో చూస్తే వింతగా ఉన్న 45.72 అంకె నిజానికి 150 అడుగులు. దానికి రెట్టింపు 300 అడుగులు, అంటే దాదాపు 91.5 మీటర్లు. మెట్రిక్ కొలతలు వచ్చాక కట్టిన రెండో వంతెనలో కూడా అడుగుల లెక్కే లోపల దాగి ఉంది.

ఇక 56, 28 సంబంధం. సరిగ్గా సగం. పక్కపక్కన రెండు వంతెనలు ఉంటే, కొత్తదాని స్తంభాలు పాతదాని స్తంభాల వరసలోనే ఉండేలా చూడటం నది ఇంజనీరింగులో మామూలు జాగ్రత్త. లేకపోతే ఒకదాన్ని తప్పించుకున్న ప్రవాహం రెండోదాని పునాది మీద పడి కోత పెంచుతుంది. పాత వంతెనలో ఒకటి విడిచి ఒక స్తంభానికి ఎదురుగా కొత్తది వస్తే స్పాన్ల సంఖ్య సగమవుతుంది. ఆర్చ్ బ్రిడ్జి అంకెలు ఆ నియమానికి అతికినట్టు సరిపోతాయి.

నదిలో దించాల్సిన బావులు కూడా సగానికి తగ్గాయి. వందేళ్లలో వచ్చిన అసలు మార్పు ఇదే. ఉక్కు నాణ్యత, లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు, లెక్కలు వేసే పద్ధతులు మెరుగయ్యేకొద్దీ స్పాను పొడవు పెంచి, నీళ్లలో పని తగ్గించుకునే వీలు దొరికింది.

వంతెన మారలేదు, రైలు మారింది

"ఇంకా చెక్కుచెదరలేదు కదా" అన్న మాట హేవలాక్ గురించి తరచూ వినిపిస్తుంది. అందులో నిజముంది. రాతి స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. కానీ నిలబడటం వేరు, రోజూ రైళ్లను మోయడం వేరు.

రైలు వంతెనను ఫలానా బరువుకు అని లెక్కేసి కడతారు. భారతీయ రైల్వేల్లో ఆ ప్రమాణాలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. 1926 నాటి ప్రధాన మార్గాల ప్రమాణం ప్రకారం ఇంజను ఇరుసుకు 22.9 టన్నులు, వెనక బోగీల బరువు మీటరు పొడవుకు 7.67 టన్నులు. 1987 ప్రమాణానికి వచ్చేసరికి ఇరుసుకు 25, మీటరుకు 8.25 టన్నులు అయ్యాయి. హేవలాక్ వంతెన వీటిలో మొదటి ప్రమాణం కన్నా కూడా పాతిక ఏళ్లు ముందుది. రోడ్ కమ్ రైలు బ్రిడ్జి 1926 ప్రమాణం నడుస్తున్న కాలంలో రూపుదిద్దుకుంది. 1991లో పని మొదలైన ఆర్చ్ బ్రిడ్జి నాటికి 1987 ప్రమాణం అమల్లో ఉంది.

బరువు ఒక్కటే కాదు, ఎన్నిసార్లు అన్నది కూడా ముఖ్యం. రైలు వచ్చిన ప్రతిసారీ గర్డరులోని, అంటే పట్టాలను మోసే దూలంలోని, ప్రతి కడ్డీ సాగి, రైలు వెళ్లాక మామూలు స్థితికి వస్తుంది. ఉక్కు ముక్కలను కలిపే రివెట్ల కోసం వేసిన రంధ్రాల అంచుల్లో ఈ ఒత్తిడి ఎక్కువ. లక్షల సార్లు ఇలా జరిగాక అక్కడ కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి. దీన్ని లోహపు అలసట అంటారు. పైగా కింద ఎప్పుడూ నీళ్లే, గాలిలో తేమే, కాబట్టి తుప్పు కూడా తోడవుతుంది. రంగు వేస్తూ, రివెట్లు మారుస్తూ, వేగం తగ్గిస్తూ వయసు పొడిగించొచ్చు. కానీ దేశంలోని రద్దీ మార్గాల్లో ఒకటైన ఈ లైనులో ఒక చోట వేగం తగ్గితే ఆ ప్రభావం వందల కిలోమీటర్ల దాకా పాకుతుంది. దాదాపు 97 ఏళ్లు రైళ్లను మోసిన తర్వాత హేవలాక్‌ను పక్కన పెట్టడం ఈ లెక్కలో చూస్తే తొందరపాటేమీ కాదు.

1974: పైన రోడ్డు, కింద రైలు

1960లలో హౌరా–మద్రాసు మార్గాన్ని డబుల్ లైను చేయాలనుకున్నప్పుడు గోదావరి మళ్లీ అడ్డం వచ్చింది. హేవలాక్ మీద ఉన్నది ఒకటే పట్టా. రెండు వైపులా డబుల్ లైను వేసి, నది దగ్గర మాత్రం ఒకటే ఉంటే పెట్టిన ఖర్చుకు ఫలితం రాదు. రెండో వంతెన ఆలోచన అలా మొదలైంది. ఎలాగూ బావులు దించుతున్నారు కాబట్టి పైన రోడ్డు కూడా వేయాలన్న ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. 1974లో ప్రారంభమైంది.

ఒకే వంతెన మీద రైలు పొడవు 2.8 కిలోమీటర్లు, రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు ఎందుకన్నది చాలామందికి అర్థం కాని విషయం. నది వెడల్పు ఇద్దరికీ ఒకటే. కానీ రోడ్డు రైలుకు పైన ఉంది కాబట్టి, గట్టు మీద నుంచి ఆ ఎత్తుకు ఎక్కడానికి, అటువైపు దిగడానికి అదనంగా పొడవాటి ఏటవాలు దారి కావాలి. రాజమండ్రి వైపు ఇళ్లు, వీధులు అప్పటికే నిండిపోవడంతో వంతెనను నేరుగా తీసుకెళ్లే వీల్లేక వంపు తిప్పాల్సి వచ్చింది. చిన్న స్పాన్లు ఏడింటిలో ఆరు ఆ వంపులోనివే.

ఉమ్మడి వంతెన వల్ల ఖర్చు కలిసొచ్చింది. కొవ్వూరుకూ రాజమండ్రికీ నేరుగా రోడ్డు దొరకడంతో రెండు గట్ల మధ్య చదువులు, ఆస్పత్రులు, వ్యాపారం అన్నీ కలిసిపోయాయి. కాకపోతే, ఒక చట్రం మీద రెండు రవాణాలు ఆధారపడితే మరమ్మతు కూడా ఉమ్మడి సమస్యే అవుతుంది. రోడ్డు మీద గుంతలు పూడ్చాలన్నా, అతుకుల దగ్గర మార్పిడి చేయాలన్నా కింద రైళ్లు నడుస్తున్న సంగతి గుర్తు పెట్టుకుని చేయాలి. 2023లో మరమ్మతుల కోసం రోడ్డును కొన్ని వారాలు మూసినప్పుడు రోజూ అటూ ఇటూ తిరిగేవాళ్లు ఎంత చుట్టు తిరగాల్సి వచ్చిందో ఆ ఊళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది. 2015 పుష్కరాల నాటికి వచ్చిన నాలుగో వంతెన, పూర్తిగా రోడ్డుదే, భారీ వాహనాల ఒత్తిడిని కొంత తీసుకుంది.

ఆర్చ్ బ్రిడ్జి: అందం కోసం కాదు

ఫొటోల్లో రాజమండ్రి అంటే ఆర్చ్ బ్రిడ్జే. ఆ వంపులు చూడముచ్చటగా ఉన్న మాట నిజమే కానీ, అవి అక్కడ ఉన్నది చూడటానికి కాదు.

మామూలు కమాను తన మీద పడ్డ బరువును రెండు కొసల దగ్గరా బయటికి నెడుతుంది. రాతి కొండల మధ్య అయితే ఆ తోపును కొండలు ఆపుతాయి. ఇసుకలో దించిన బావుల మీద నిలబడ్డ సన్నటి స్తంభాలు ఆపలేవు. అందుకే ఇక్కడ కమాను రెండు కొసలనూ కింద ఉన్న గర్డరుతో కట్టేశారు. విల్లును నారి లాగి పట్టుకున్నట్టు, బయటికి పోవాలనుకునే కమానును గర్డరు లోపలికి పట్టి ఉంచుతుంది. గర్డరు కమాను నుంచి వేలాడుతుంది. స్తంభం మీదికి వచ్చేది నేరుగా కిందికి దిగే బరువే. బావి పునాదికి సరిపోయే పద్ధతి ఇది.

హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టిన ఈ వంతెన 1997లో పూర్తయింది. ఉక్కు బదులు కాంక్రీటు వాడటంతో రంగులు వేసే పని, రివెట్ల తనిఖీ తప్పాయి. దీని మీద కూడా ఒకటే పట్టా. హేవలాక్ తప్పుకున్న చోటును ఇది భర్తీ చేసిందే తప్ప లైన్ల సంఖ్య పెంచలేదు. మూడు వంతెనలు, రెండు లైన్ల లెక్క ఇలా వచ్చింది. రైలు నది మీదికి రాగానే కిటికీలోంచి గోదారమ్మకు చిల్లర వేసే ప్రయాణికులకు తాము ఏ వంతెన మీద ఉన్నదీ చప్పుడును బట్టి తెలిసిపోతుంది. ఉక్కు చట్రాల మధ్య నుంచి పోతుంటే మోత మాట వినపడనివ్వదు.

వరద పరీక్ష

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద రికార్డుల్లో అతి పెద్దది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పటికి హేవలాక్‌కు 86 ఏళ్లు, రోడ్ కమ్ రైలు బ్రిడ్జికి 12 ఏళ్లు. రెండూ నిలబడ్డాయి. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ వంతెనలకు ముప్పు రాలేదు.

వర్షాకాలంలో రైలు ప్రమాదం అనగానే పెద్ద నదుల మీదికే ఆలోచన పోతుంది. అనుభవం వేరేలా చెబుతోంది. 2005 అక్టోబరులో నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర ఒక చిన్న వంతెన వరదకు కొట్టుకుపోయి, రేపల్లె నుంచి వస్తున్న డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. పెద్ద వంతెనకు లోతైన పునాది, నిరంతర నిఘా ఉంటాయి. చిన్న వాగు మీద వంతెనకు పునాది లోతు తక్కువ. పైన ఏదైనా చెరువు తెగితే గంటల్లో అంతా అయిపోతుంది. గోదావరి వంతెనల మీద భయం ఉన్నంతగా వాగు వంతెనల మీద లేకపోవడం ప్రమాదకరమే.

ఇక ముందు

హేవలాక్ జనాన్ని మోయగలదా అన్నది తేలిగ్గా లెక్కేయొచ్చు. జనం కిక్కిరిసే చోట నడకదారులకు చదరపు మీటరుకు 500 కిలోల బరువు లెక్క పెట్టుకోవడం మన ప్రమాణాల్లో ఉంది. మూడు మీటర్ల వెడల్పు దారి అనుకుంటే మీటరు పొడవుకు టన్నున్నర. రైలు ప్రమాణాల్లో ఐదో వంతు. పైగా ఇంజను తెచ్చే అదురు, బ్రేకు వేసినప్పుడు వచ్చే తోపు ఉండవు. బరువు వరకు చూస్తే భయపడాల్సిన పనిలేదు, తుప్పు పట్టిన భాగాలు మార్చి, పునాదుల చుట్టూ కోత ఎంతుందో కొలిచాక.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇది రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న ఇరుకు దారి. బయటికి పోవడానికి ఉన్నవి రెండు కొసలే. 2015 పుష్కరాల తొలిరోజు రాజమండ్రి ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. వెడల్పయిన గట్టు మీదే అలా జరిగినప్పుడు నది మధ్యలో ఎంతమందిని, ఏ వేళల్లో, ఎటు నుంచి ఎటు పంపాలన్నది ఉక్కు బలం కన్నా ముందు తేల్చుకోవాలి. తెరిచాక కూడా రంగులు, తనిఖీలు ఆగకూడదు. పర్యాటక ప్రాజెక్టుల్లో శంకుస్థాపనకు దొరికే డబ్బు పదో ఏట నిర్వహణకు దొరకడం అరుదు.

రైళ్ల సంగతికి వస్తే, 1974 వంతెనకు ఇప్పటికే యాభై ఏళ్లు దాటాయి. దాని వయసు హేవలాక్ అంత పెద్దది కాకపోయినా, ఉక్కు చట్రం, తేమ, పైన వాహనాల అదురు, కింద సరుకు రైళ్ల బరువు అన్నీ కలిసి పని చేస్తున్నాయి. మరోవైపు ఖరగ్‌పూర్–విజయవాడ మధ్య సరుకు రవాణాకు ప్రత్యేక కారిడార్ ప్రతిపాదనలో ఉంది. దానికైనా, ఇప్పటి మార్గానికి మూడో లైను వేయాలన్నా, గోదావరి మీద ఇంకో రైలు వంతెన కట్టక తప్పదు. అప్పుడు మొదట తేలాల్సింది దాని బావులు ఇప్పుడున్న స్తంభాల వరసలో ఎక్కడ దిగాలి, పాత వంతెన స్తంభాలు నదిలో ఉండగా అది ఎంత దూరం జరగాలి అన్నదే.